బిగించని తలుపుల డబ్బు

కూతురు నెల ఖర్చుల కాగితం తెచ్చి పనిబల్ల మీద పెడితే, వడ్రంగి మేస్త్రి చిత్రిక పట్టడం ఆపకుండానే చదివాడు. చదవడం అయ్యాక చెవి మీది పెన్సిలు తీసి కాగితం చివర అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఏడు ముక్కలు కోశావు," అన్నాడు.

"అవును నాన్నా. గది, తిండి, బస్సు, పుస్తకాలు, ఫోను, సబ్బులూ గట్రా, బట్టలూ మందులూ. అన్నీ కలిపి తొమ్మిది వేలు. పైసా మిగల్లేదు, పైసా తగ్గలేదు. సరిగ్గా సరిపోయింది."

"అదే తప్పు."

"సరిపోవడం తప్పా?"

"ఏడు ముక్కలు కావాలంటే ఆరు కోతలు కోయాలి. ఆరు కోతల్లో రంపం తినేది ఏదీ?"

కూతురు నవ్వింది. "డబ్బుని రంపంతో కోస్తామా ఏంటి?"

"దేంతో కోసినా పొట్టు రాలుతుంది. ఒక నెల చెప్పు తెగుతుంది. ఒక నెల పన్ను నొప్పి. ఇంకో నెల నీ గదిలో పిల్ల అప్పు తీసుకుని ఊరెళ్ళిపోతుంది. బద్ద కొలిచినంతా ముక్కలకే పంచేస్తే చివరి ముక్క ఎప్పుడూ పొట్టిగానే వస్తుంది. పట్టుకెళ్ళు."

కూతురు ముక్కాలిపీట లాక్కుని అక్కడే కూర్చుంది. ఒక్కో కోతకి నూట యాభై చొప్పున తీసి పెట్టాలనుకుంది. గది అద్దె కదలదు. తిండిలో నాలుగు వందలు తగ్గించింది. పుస్తకాల్లో రెండు వందలు. మిగతావాటిలో యాభై ఒకచోట, వంద ఒకచోట. చివర ఎనిమిదో వరస రాసింది: రంపం, తొమ్మిది వందలు.

మేస్త్రి చూశాడు. బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు. అతని దగ్గర అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ దొరకదు. ఆ వీధిలో అతన్ని వెనక అందరూ పులుపు మేస్త్రి అంటారు. ముందు అనే ధైర్యం ఉన్న మనిషి ఒక్కతే ఉండేది, అతని భార్య. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ ఉన్నప్పుడు ఇంట్లో లెక్కలు ఆవిడవి, కోపాలు ఇతనివి. ఆవిడ పోయాక లెక్కలు కూతురి చేతికి వచ్చాయి. కోపాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

యూనివర్సిటీలో సీటు వచ్చి పద్దెనిమిది రోజులు. గణాంకశాస్త్రం, నాలుగేళ్ళు. మార్కులు చూసి ఫీజు మాఫీ చేశారు. కానీ యూనివర్సిటీ గంటన్నర దూరం. రోజూ మూడు గంటలు బస్సులోనే పోతే చదివేదెప్పుడు? అక్కడే గది తీసుకోవాలి. అందుకు వసతి సాయం అని ఒకటుంది. ఖర్చులో సగం, అంటే నెలకి నాలుగున్నర వేలు ఇస్తారు. ఏడాది రాబడి రెండు లక్షలు దాటని ఇంటి పిల్లలకే ఇస్తారు. అది వస్తే చదువు. రాకపోతే సీటు వదులుకుని మేనమామ టైల్స్ షాపులో కౌంటరు వెనక కూర్చోవడమే.

ఆ కౌంటరు మాట మేస్త్రి బావమరిది ఎప్పుడో అన్నాడు. అక్క పోయిన నెలలోనే అన్నాడు. "దానికి అంత చదువెందుకు బావా, మా షాపులో కూర్చోబెట్టు, నీడపట్టున ఉంటుంది." ఆ ఒక్క మాటకి మేస్త్రి నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. ముట్టే ఆలోచన కూడా లేదు.

"సాయం నాలుగున్నర," అన్నాడు మేస్త్రి. "నా వంతు మూడు. ఒకటో తారీఖుకి నీ చేతిలో ఉంటుంది. పదో తారీఖున ఫోన్ చేసి నాన్నా ఇంకో ఐదొందలు అంటే పెట్టేస్తాను."

"డబ్బా, ఫోనా?"

"ఫోను. ఏడున్నర అయింది. ఇంకా పదిహేను వందలు కావాలి. అదెక్కణ్ణుంచి?"

"అది నేను చూసుకుంటా."

"మీ మావయ్యనడుగుతావా?"

"నేను నీ కూతుర్ని కాదా నాన్నా?" అంది కూతురు. మేస్త్రి మళ్ళీ చిత్రిక అందుకున్నాడు.

ఆ తరవాత రాబడి ఫారం తీసింది. తండ్రి సంతకం చెయ్యాల్సింది అదే. గడిచిన పన్నెండు నెలల్లో ఎంత సంపాదించారు? మేస్త్రి చొక్కా జేబులోంచి పని పుస్తకం తీసి, పేజీ పేజీ తిప్పి చెప్పాడు. కూతురు కూడింది. లక్షా అరవై నాలుగు వేలు.

"మరి పళ్ళ డాక్టరమ్మ ఇచ్చిన అడ్వాన్సు?" అంది. "తొంభై వేలు. చెక్కు ఇచ్చింది. పాసు పుస్తకంలో పడింది."

"తలుపులు పడ్డాయా?"

"లేదు."

"తలుపులు పడలేదు, డబ్బు మాత్రం నాదా?"

కూతురికి ఈ పాట కొత్త కాదు. తలుపు బిగించి, వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూసుకునే దాకా ఆ డబ్బు చేయించుకున్నవాళ్ళదే. అతని గురువు అలా నేర్పాడు. ముప్ఫై ఏళ్ళుగా అడ్వాన్సు డబ్బుతో మేస్త్రి ఒక టీ కూడా తాగలేదు. ఆ తొంభై వేలలో అరవై రెండు వేలకి పదకొండు తలుపుల కర్ర కొన్నాడు. ఇరవై ఎనిమిది వేలు బ్యాంకులో కదలకుండా పడున్నాయి. భార్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా ఇలాంటి డబ్బే కొంత అతని దగ్గరుంది. దాన్ని ముట్టలేదు. బయట వడ్డీకి తెచ్చాడు. అది మంచి పనో కాదో అతనితో వాదించిన వాళ్ళందరితో మాటలు పోయాయి.

"ఆఫీసువాళ్ళు పాసు పుస్తకం చూస్తారు నాన్నా. డాక్టరమ్మ దగ్గర ఒక ఉత్తరం తెచ్చుకుంటే..."

"ఆవిడ దగ్గరికెళ్ళి అడుక్కోవాలా? ఉన్నది ఉన్నట్టు రాశాం. చాలు."

కూతురు ఫారం మడిచి ఫైల్లో పెట్టింది.

*

సోమవారం పొద్దున పదిన్నరకి యూనివర్సిటీ ఆఫీసు ముందు నలభై మంది ఉన్నారు. పిల్లల కంటే తల్లిదండ్రులే ఎక్కువ భయపడుతున్నారు. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడకి ఆనుకోకుండా నిలబడ్డాడు. నిలబడి, ఎదురుగా ఉన్న తలుపు బందులు ఎంత వంకరగా బిగించారో చూస్తున్నాడు.

లోపల సాయం ఆఫీసరు ఒక పెద్దాయన. కళ్ళద్దాలు తాడుతో మెళ్ళో వేలాడుతున్నాయి. ముందు ఖర్చుల కాగితం చూశాడు.

"ఇదేంటమ్మా, రంపం తొమ్మిది వందలు? ప్రతి నెలా ఒక రంపం కొంటావా?"

"కాదండీ. అది కోతలో పోయేది. అనుకోని ఖర్చు," అని కూతురు ఆరు కోతల లెక్క చెప్పింది. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి ఆ పిల్లని ఒకసారి, పక్కనున్న మనిషి అరచేతుల్ని ఒకసారి చూశాడు.

"ఈ పదిహేను వందలు? లైబ్రరీ అని రాశావు."

"లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనండీ. వారానికి పది గంటలు. క్లాసులు మొదలైన రోజు నుంచే రమ్మన్నారు." ఫైల్లోంచి ఒక కాగితం తీసింది.

"ఓ, ఆ జాబితాలో ఉన్నావా! నూట నలభై మంది రాస్తే పన్నెండు మందినే తీసుకున్నారు."

మేస్త్రి తల తిప్పి కూతుర్ని చూశాడు. పది రోజుల కింద స్నేహితురాలి ఇంటికని పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చింది. ఆ వేళ అన్నం కూడా సరిగా తినలేదు. తను అడగలేదు. ఎండకేమో అనుకున్నాడు. నూట నలభైలో పన్నెండు. అబద్ధం చెప్పి వెళ్ళినందుకు తిట్టాలో ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

అంతలో ఆఫీసరు పాసు పుస్తకం తెరిచాడు. వేలు పెట్టి కిందికి వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఫారంలో లక్షా అరవై నాలుగు. ఇక్కడ ఒక్క దెబ్బకి తొంభై వేలు పడింది. కలిపితే రెండు లక్షల యాభై నాలుగు. ఏంటండీ ఇది?"

"అది నాది కాదు," అన్నాడు మేస్త్రి.

"మీ పుస్తకంలో ఉంది కదా?"

"పుస్తకం నాది. డబ్బు నాది కాదు. తలుపులు బిగించలేదు."

"తలుపులేంటి?"

"డాక్టరమ్మవి."

ఆఫీసరు ఓపికగా కాగితాలు సర్దాడు. "పెద్దాయనా, రోజూ ఇక్కడికి వచ్చి రాబడి దాచేవాళ్ళని చూస్తూనే ఉంటాను. కార్లో వచ్చి ఆ మూల ఆపి నడిచొస్తారు. మీరూ..."

మేస్త్రి లేచాడు. కుర్చీ వెనక్కి పోయి గోడకి తగిలింది. "దొంగ లెక్క అంటున్నారు. అనండి. పదవే, పోదాం."

ఆ గదిలో ఆ క్షణాన సీటూ, నాలుగేళ్ళూ అన్నీ అతనితో పాటే లేచి నిలబడ్డాయి. అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసినా కూర్చోలేడు. అది అతని పుట్టుక.

కూతురు లేవలేదు.

"సార్," అంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "మీ నిబంధనల పుస్తకంలో పదకొండో పేజీ ఒకసారి చూడండి. మూడో పేరా. చేతి పనివాళ్ళు తీసుకున్న అడ్వాన్సు, పని అప్పగించకపోతే రాబడి కిందికి రాదు. డబ్బిచ్చినవాళ్ళు రాసివ్వాలి, ఇద్దరూ సంతకం చెయ్యాలి. అలా ఉంది."

ఆఫీసరు పుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు.

"పదిహేనేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నా," అన్నాడు. "ఈ పేరా ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నానండీ."

"మరి ఆ ఉత్తరమేదమ్మా?"

తండ్రి వద్దన్నాడని ఆ పిల్ల చెప్పొచ్చు. చెప్పలేదు. "తీసుకురాలేదండీ. నా పొరపాటే. ఎన్నింటి దాకా ఉంటారు?"

"నాలుగింటికి కిటికీ మూసేస్తాం. ఇవాళే ఆఖరు. ఫోన్లో ఫొటో కాదు, సంతకాలున్న అసలు కాగితం కావాలి."

"మూడున్నరకి ఇక్కడుంటాం," అని లేచింది. తండ్రి తోసేసిన కుర్చీని కూడా తనే తిన్నగా సర్ది బయటికి నడిచింది. ఈసారి వెనక నడిచింది మేస్త్రి.

*

గంటన్నర ప్రయాణం అయి బస్సు దిగబోతుండగా మేస్త్రి అన్నాడు, "పొరపాటు నీదని ఎందుకన్నావ్?"

"నాదే కదా. నువ్వు వద్దన్నా తేవాల్సింది."

అది తిట్టో, కాదో అతను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, క్లినిక్కు వచ్చేసింది.

కొత్త క్లినిక్కు. గోడలు తెల్లగా, నేల నున్నగా, కుర్చీలు మెరుస్తూ ఉన్నాయి. తలుపులే లేవు. గుమ్మాలన్నింటికీ పాత దుప్పట్లు వేలాడుతున్నాయి. పళ్ళ డాక్టరమ్మ ఒక దుప్పటి పక్కకి తోసుకుని బయటికి వచ్చింది.

"మేస్త్రీ! తలుపులు తెచ్చావేమోనని పరిగెత్తుకొచ్చా. చేతులూపుకుంటూ వచ్చావా?"

"కర్ర ఆరలేదమ్మా."

"ఆరు వారాలుగా అదే మాట! లోపల ఒకాయన పన్ను పీకుతుంటే బయట ముగ్గురు చెప్పులు తొడుక్కుని పోయారు. అరుపులు వినబడుతుంటే ఎవరు కూర్చుంటారు? తలుపులు కాదు, నువ్వు నా ప్రాక్టీసునే ఆరబెడుతున్నావ్."

మేస్త్రి నోరు తెరిచేలోపు కూతురు ముందుకొచ్చింది. "అమ్మా, ఐదు నిమిషాలు. నేను మేస్త్రిగారి అమ్మాయిని." తిన్నగా విషయం చెప్పింది. సాయం, రెండు లక్షలు, అడ్వాన్సు, నాలుగు గంటలు. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. తనకేం కావాలో, డాక్టరమ్మ ఏం రాయాలో చెప్పింది.

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసి బల్ల మీద పడేసింది. "రాస్తాను. తలుపులు పడలేదని నా గుమ్మాలే చెబుతున్నాయి కదా. కానీ నిజం రాస్తాను. పని పూర్తి కాలేదు, గడువు దాటి ఆరు వారాలైందీ అని. మీ నాన్న కింద సంతకం పెట్టాలి. పెడతాడా?"

మేస్త్రి ముఖం బిగుసుకుపోయింది. ముప్ఫై ఏళ్ళలో గడువు దాటాడని అతని మీద ఎవరూ కాగితం రాయలేదు. ఇంతకు ముందు ఇద్దరు పని ఆలస్యమైందన్నారు. వాళ్ళ అడ్వాన్సు వాళ్ళ ముఖాన కొట్టి వచ్చేశాడు. ఇప్పుడు ఆ పనే చెయ్యొచ్చు. కానీ అరవై రెండు వేలు కర్రగా మారి కొట్టులో నిలబడి ఆరుతున్నాయి. పైగా కూతురు గోడ గడియారం వంక చూస్తోంది.

"ఆరలేదని రాయండి," అన్నాడు. "దాటిందని కాదు."

"దాటింది కదయ్యా!"

"పచ్చి కర్రతో చేస్తే వానల్లో ఉబ్బి తలుపు ఇరుక్కుంటుంది. అప్పుడు పన్ను పీకించుకున్నవాడు లోపలే ఉండిపోతాడు. అది కావాలా మీకు?"

"నాకు తలుపు కావాలి!"

"నేను రాయనా?" అంది కూతురు. ఇద్దరూ ఆగారు. ఆ పిల్ల కాగితం ముందుకు లాక్కుని నిలబడే రాసింది. రాసి డాక్టరమ్మకి ఇచ్చింది. డాక్టరమ్మ పైకి చదివింది.

"పదకొండు తలుపుల పనికి తొంభై వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఇందులో అరవై రెండు వేలకి నా పేరు మీద కర్ర కొన్నారు, రసీదు నా దగ్గరుంది. ఒక్క తలుపూ ఇంకా అప్పగించలేదు. గడువు దాటి ఆరు వారాలైంది. కారణం, కర్ర ఆరకపోవడం. ఆరని కర్రతో తలుపు చెయ్యమని నేను నాలుగుసార్లు ఒత్తిడి చేశాను. మేస్త్రి ఒప్పుకోలేదు." ఆగి పెద్దగా నవ్వింది. "ఇది ఆయన మీద ఫిర్యాదా, నా మీదా?"

"రెండూ నిజమే కదమ్మా," అంది కూతురు.

"నిజమే. నాలుగు కాదు, ఐదుసార్లు." కొట్టేసి ఐదు అని దిద్ది, సంతకం చేసి, ముద్ర వేసింది. "ఏం చదువుతావ్ నువ్వు?"

"గణాంకశాస్త్రం."

"నీ కూతురు నీలాంటిదే మేస్త్రీ. మాట మాత్రం మెత్తగా ఉంది. అదెక్కణ్ణుంచి వచ్చింది?"

"వాళ్ళమ్మ దగ్గర్నుంచి," అన్నాడు మేస్త్రి. నాలుగేళ్ళలో బయటివాళ్ళ ముందు అతను భార్య మాట ఎత్తడం అదే మొదలు. అన్నాక కాగితం తీసుకుని చదివాడు. 'గడువు దాటి' దగ్గర ఒకసారి ఆగాడు. 'ఒప్పుకోలేదు' దగ్గర రెండోసారి ఆగాడు. అతని గురించి ఇంత సరిగ్గా ఎవరూ రాయలేదు. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్క అక్షరం తక్కువ లేదు. అతికించినట్టుంది.

పెన్ను తీసుకుని సంతకం చేశాడు.

*

మూడు గంటల ముప్ఫై ఐదు నిమిషాలకి ఆ కాగితం ఆఫీసరు బల్ల మీద ఉంది. ఆయన చదివి, పాసు పుస్తకంలో అంకెలు సరిచూసి, ఫారం మీద తొంభై వేలకి ఎదురుగా 'అప్పగించని పని' అని రాసి ముద్ర గుద్దాడు. 'మంజూరు' అన్న ముద్ర ఇంకోటి తీసి దాని పక్కనే గుద్దాడు.

"పొద్దున ఒక మాట అన్నాను," అన్నాడు మేస్త్రి వైపు చూసి. "వెనక్కి తీసుకుంటున్నా."

"అన్నారు," అన్నాడు మేస్త్రి. పరవాలేదని అనలేదు. పరవాలేదని అతనికి అనిపించలేదు కూడా. కూతురే నవ్వి దండం పెట్టి ఆయన్ని ఆ ఇబ్బందిలోంచి బయట పడేసింది.

మెట్లు దిగుతుంటే ఒక లారీ డ్రైవరు అడ్డొచ్చాడు. పక్కన బక్కపల్చటి కొడుకు. చేతిలో అదే ఫారం నలిగిపోయి ఉంది.

"అమ్మా, నీది మంజూరైందటగా. మాది వెనక్కి ఇచ్చేశారు. డీజిలుకని ఓనరు పంపిన డబ్బంతా నా ఖాతాలోనే పడుతుంది. అదంతా నా రాబడేనంటున్నారు. ఇంకో పది నిమిషాలే ఉంది. ఏం చెయ్యమంటావ్?"

"మీ ఓనరు ఇక్కడే ఉంటాడా?"

"ఆ గేటు బయటే ఉన్నాడు. మేం దిగితే బయల్దేరదామని బండిలో కూర్చున్నాడు."

"పిలవండి. తమ్ముడూ, నువ్వు పరిగెత్తు. డీజిలు రసీదులు కూడా పట్రమ్మను. మీరు ఫారం ఇలా ఇవ్వండి." ఆ పిల్ల మెట్టు మీదే కూర్చుని ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకుంది. పెన్ను మూత పళ్ళతో తీసింది. ఎవరో తల్లి ఇంకో కాగితం పట్టుకుని వెనక వంగి చూస్తోంది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు చేరారు.

మేస్త్రి చేతిలో కూతురి సంచి ఉంది. గేటు ముందు వాళ్ళ బస్సు వచ్చి ఆగింది. ఇది పోతే మళ్ళీ గంటకి గానీ లేదు. మేస్త్రి ఒకరి కోసం ఆగే మనిషి కాదు. బస్సు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, ఇటు చూసి, పోనిచ్చాడు. మేస్త్రి కదల్లేదు.

వెనక నిలబడ్డ ముసలాయన ఒకరు అతని మోచెయ్యి తట్టాడు. "ఆ అమ్మాయి ఆఫీసు మనిషాండీ?"

"ఆఫీసువాళ్ళకి ఇంత తెలుసా?" అన్నాడు మేస్త్రి. "మా అమ్మాయి. వరసలో నిలబడండి, చూస్తుంది."